సూరయ్య పేరు మీద ఒక సీటు

సాలూరు,
11 జూన్ 2017

చిరంజీవి బిందుకి జగన్నాధం మావయ్య దీవెనలు.

నువ్వు పంపిన ధరల కాగితం అందింది. డ్రైవరు కవరుని సీటు కింద దాచి తెచ్చాడు కాబట్టి అంచులు గ్రీజయ్యాయి గాని అంకెలు బాగానే కనబడుతున్నాయి. కనబడకపోయినా బాగుండేది.

ఫోన్ చేస్తే సరిపోయేదానికి ఉత్తరమేమిటని మీ రమేష్‌బాబు బావ నవ్వుతున్నాడు. నలభై ఏళ్లు రేకు మీద సుత్తి దెబ్బలు తిన్న చెవులివి. ఫోన్‌లో నాకు తేనెటీగ రొదే తప్ప మాట వినబడదు. నువ్వు విజయనగరంలో సాఫ్ట్‌వేర్ అమ్మే ఆఫీసులో చేరావు కాబట్టి నీతో బేరం ఆడాలంటే నాకు కాగితమే దిక్కు.

ఇంతకీ నాకు అర్థం కానిది ఒకటే. ఏ లారీ పని ఎక్కడిదాకా వచ్చిందో ఫోన్‌లో చూపించే మీ సాఫ్ట్‌వేర్‌కి మనిషికి నెలకి ఆరువందల యాభై అని రాశావు. లారీ బాడీలు కట్టే మన షెడ్డులో రమేష్‌తో కలిపి పదకొండుమంది. అంటే ఏడాదికి ఎనభై అయిదువేల ఎనిమిదివందలు, పైన పన్ను. అంతా పోసి కొంటే అది మనదవుతుందా అంటే అవదట, మళ్లీ ఏడాదికి మళ్లీ కట్టాలట. ఒక సుత్తి కొంటే పదిమందీ వాడతారు. వెల్డింగు మిషను కొంటే మా తరువాతివాళ్లు కూడా వాడతారు. చూసే కళ్లని లెక్కపెట్టి డబ్బులడిగే సరుకుని నేను ఇదే చూడటం.

మనకి సుద్దముక్క ఉంది కదా. బాడీ కట్టాల్సిన లారీ ఛాసిస్ షెడ్డులోకి రాగానే కేబిన్ తలుపు మీద పనులన్నీ వరసగా రాస్తాం. అడ్డదూలాలు, పలకలు, సైడ్ డోర్లు, వైరింగు, రంగు. ఏ పని ఎవడు చేస్తే వాడే తన చేత్తో తుడవాలి. ఇంకొకడు తుడిస్తే మీ పెద్దమావయ్య సూరయ్య చెవి మెలేసేవాడు. అన్నయ్య పోయి తొమ్మిదేళ్లయింది, ఆ నియమం మాత్రం పోలేదు. సుద్దముక్క రూపాయి.

తండ్రి పెట్టిన నియమమైనా రమేష్ మాత్రం కొనాల్సిందేనని కూర్చున్నాడు. "బాబాయ్, నౌపడ నుంచి ఒకడు, రాయపూర్ నుంచి ఒకడు పొద్దస్తమానం ఫోన్లు సేసి నా లారీ ఎక్కడిదాకా వచ్చినాదని సంపేత్తన్నారు. నాను పెళ్లిలో ఉంటే తలుపు మీద సుద్దరాత నాకు కనబడతాదేటి?" అంటాడు. అదీ నిజమే. అందుకే అడుగుతున్నాను. ఎంత తగ్గిస్తావో రాయి. మేనమామనన్న సంగతి కూడా గుర్తు పెట్టుకుని రాయి.

జగన్నాధం

*

విజయనగరం,
19 జూన్ 2017

మావయ్యా,

నీ ఉత్తరం మా సార్‌కి చదివి వినిపించాను. ఆయన నవ్వి, మీ మావయ్యని మా దగ్గర సేల్స్‌లో చేరమను అన్నారు. తగ్గింపు మాత్రం ఏడాది డబ్బు ఒకేసారి కడితే పదిశాతమేనట. అది నా చేతిలో లేదు. ఈ సాఫ్ట్‌వేర్ మేం తయారు చేసింది కాదు, పైకంపెనీది. మేం మధ్యలో అమ్మిపెట్టేవాళ్లం.

మనిషికి ఇంత అని ఎందుకు తీసుకుంటారో చెబుతాను. ఒక్కో మనిషికీ ఒక్కో పేరు, ఒక్కో పాస్‌వర్డ్ ఇస్తారు. దాన్ని సీటు అంటారు. ఎవరి పని పక్కన వాళ్లు టిక్ పెడితే, ఏ రోజు, ఏ గంటకి, ఎవరు పెట్టారో అందులో రాసి ఉంటుంది. పని టైముకి అయితే ఆకుపచ్చ, కాకపోతే ఎరుపు. ఒకే పేరుతో పదిమంది వాడకూడదు. అది రూల్. లైసెన్సు కాగితంలో ఏడో పేజీలో ఉంది. ఆ పేజీ ఎవరూ చదవరు గనక నేనే చెబుతున్నాను.

నీకు ఇష్టం లేకపోతే కొనొద్దు. నా కోసం కొనొద్దు. మొదటి మూడు నెలల్లో నాలుగు అమ్మకాలు చూపించకపోతే నా ఉద్యోగం ఖాయం చేయరు, ఇప్పటికి మూడయ్యాయి, కాని అది నా గొడవ. కొంటే పదకొండూ కొనండి, లేకపోతే సుద్దముక్కే మేలు.

అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది. నిన్ను అడిగానని చెప్పమంది.

బిందు

*

సాలూరు,
30 జూలై 2017

అమ్మా బిందూ,

నాలుగో అమ్మకం మాదేనని తెలిసింది. ఉద్యోగం ఖాయమైనందుకు స్వీటు తినకుండా ఊరుకోను.

పదకొండు కొనమని నువ్వు రాశావు, మీ బావ ఒకటి కొన్నాడు. నువ్వే కాగితాలు నింపావు కాబట్టి నీకు తెలియంది కాదు. ఆ ఒక్కటీ ఎవరి పేరు మీద తీసుకోవాలని రమేష్ అడిగితే నాకు ఆలోచించే పని లేకపోయింది. మన షెడ్డులో కొత్త పుస్తకం ఏది తెరిచినా మొదటి పేజీ మొదటి వరసలో అన్నయ్య పేరు రాసి పసుపు బొట్టు పెడతాం. కంప్యూటరుకి బొట్టు పెట్టనివ్వలేదు గాని పేరు సూరయ్య అనే పెట్టాం. పాస్‌వర్డ్ అన్నయ్య కట్టిన మొదటి లారీ నంబరు. రెండు రోజుల్లో పదకొండుమందికీ కంఠతా వచ్చేసింది. రూలు మాట ఎత్తకు. మా ఇంట్లో ఒకే కంచంలో తిని పెరిగినవాళ్లం.

నేను వద్దన్నదే నాకు అలవాటైపోయింది. నువ్వు పనుల పేర్లన్నీ తెలుగులో కొట్టి పెట్టావు చూడు, అది పుణ్యం. నాకు చెవులు పోయాయి గాని కళ్లున్నాయి. ఇదివరకు మేస్త్రీలు నా చెవి దగ్గర అరవాల్సి వచ్చేది, ఇప్పుడు ఆఫీసు కంప్యూటరు ముందు కూర్చుంటే షెడ్డు షెడ్డంతా కనబడుతుంది. పెయింటరు చినబాబు మాత్రం ఫోన్ ముట్టడు. "మావా, నా సెయ్యి బ్రష్షుకే అలవాటు. ఆ అద్దం మీద నొక్కితే రంగంటుకుంటాది" అని ఇప్పటికీ తలుపు మీద సుద్దతోనే రాస్తాడు. వాడి పనులకి ఎవరో ఒకరు టిక్ పెడతారు. ఇరవై ఆరేళ్లుగా మన దగ్గర ఉన్నవాడు, వాడికి ఇప్పుడేం నేర్పుతాం.

ఒక్కటే నచ్చలేదు. పని ఆలస్యమైతే "సూరయ్య: ఆలస్యం" అని ఎర్రటి అక్షరాలతో పడుతుంది. ఒకరోజు "సూరయ్య: 4 పనులు ఆలస్యం" అని పడింది. అన్నయ్య బతికున్నన్నాళ్లూ ఏ లారీనీ ఒక్క పూట ఆలస్యంగా ఇవ్వలేదు. సాయంత్రం దీపం పెట్టి ఇంటికెళ్లే ముందు ఆ బోర్డు శుభ్రంగా కనబడాలని నా చాదస్తం.

నౌపడ ఉప్పు వ్యాపారి ఉమాపతి గారి లారీ ఇరవై రెండున వెళ్లిపోయింది. అనుకున్న రోజుకన్నా ముందే. రమేష్ మహా సంబరపడ్డాడు, ఇంట్లో కూర్చుని ఫోన్‌లో అంతా ఆకుపచ్చ చూసి లారీ ఇచ్చేశాడు. సరే, వెళ్లిందేదో వెళ్లింది.

ఈ నెల నుంచి జీఎస్టీ వచ్చిందట కదా. పన్ను పదిహేను ఉన్నది పద్దెనిమిదయిందని రమేష్ గొణుగుతున్నాడు. ఒక్క సీటు మీదే కాబట్టి బతికిపోయాం.

జగన్నాధం

*

విజయనగరం,
14 సెప్టెంబర్ 2017

మావయ్యా,

ఇది కూర్చుని నిదానంగా చదువు. బావకి ఫోన్‌లో చెబితే ఫోన్ పెట్టేశాడు.

పైకంపెనీవాళ్లకి లెక్క తెలిసిపోయింది. సూరయ్య అనే మనిషి ఒకే గంటలో ఎనిమిది ఫోన్ల నుంచి, ఒక కంప్యూటరు నుంచి పని చేస్తున్నాడని వాళ్ల దగ్గర రాసి ఉంది. మా సార్ నన్ను పిలిచి, "మీ మామయ్య ఏమన్నా అవతార పురుషుడా" అని అడిగారు. నవ్వుతూనే అడిగారు గాని నవ్వే విషయం కాదు. పదిహేను రోజుల్లో ఎంతమంది వాడుతున్నారో అన్ని సీట్లూ తీసుకోవాలి. లేకపోతే మూసేస్తారు. అందులో ఉన్న మీ పనుల వివరాలన్నీ తాళం వెనక్కి పోతాయి.

తప్పు నాది కూడా ఉంది. ఒక్కటే కొంటున్నారని తెలిసి కాగితం మీద సంతకం పెట్టించింది నేనే. అప్పటికి నాకు నాలుగో అమ్మకం కావాల్సి వచ్చింది. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఇప్పుడు ఆ మాట సార్‌కి చెప్పలేదు, నీకు చెబుతున్నాను.

ఏదో ఒకటి త్వరగా చెప్పండి.

బిందు

*

సాలూరు,
22 సెప్టెంబర్ 2017

బిందూ,

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. రూపాయి సుద్దముక్కతో హాయిగా ఉన్నవాళ్లం, ఇప్పుడు లక్ష రూపాయల సంగతి మాట్లాడుతున్నాం. మీ కంపెనీవాళ్లు షెడ్డులోకి వచ్చి మనుషుల్ని లెక్కపెట్టుకుని వెళ్లినట్టుంది. నాకు కోపం వచ్చింది. కోపం నీ మీద కాదు, కాని ఉత్తరం నీకే రాయాలి కదా, అందుకని నువ్వే పడు.

మానేద్దామన్నాను. రమేష్ వినడు. రాయపూర్ పార్టీ పధ్నాలుగు లారీల ఆర్డరు ఇచ్చింది ఈ బోర్డు చూసేనట. రోజూ వాళ్లకి ఫోటో తీసి పంపుతున్నాడు. సరే కొనండి. నాకు మాత్రం సీటు వద్దు. రమేష్ పక్కన కుర్చీలో కూర్చుని చూస్తాను, చూపుకి కూడా డబ్బు తీసుకుంటారేమో కనుక్కో.

మావయ్య

*

విజయనగరం,
3 అక్టోబర్ 2017

మావయ్యా,

చూపుకి డబ్బు తీసుకోరు. నిశ్చింతగా కూర్చో.

పని అయిపోయింది. కొత్తగా పది సీట్లు ఇచ్చాను. పదకొండోది కొనకుండా సర్దాను. పెద్దమావయ్య పేరు మీదున్న పాత సీటుకి వచ్చే జూన్ దాకా డబ్బు కట్టి ఉంది కదా, దాన్ని వృథా చేయడమెందుకని బావ అడిగాడు. "నాన్నకి సీటెందుకే బిందూ, పేరు మార్చీసి సినబాబుకి ఇచ్చీ. ఆడెలాగూ నొక్కడు" అన్నాడు. అలాగే పేరు మార్చి ఇచ్చాను. ఏడువేల చిల్లర మిగిలింది, పన్నుతో కలిపి తొమ్మిది దాకా.

ఇక బోర్డు మీద సూరయ్య అన్న పేరు కనబడదు. నీకు బాధగా ఉంటుందని తెలుసు. కాని ఎరుపు కూడా కనబడదు కదా.

దసరా ఎలా జరిగింది? ఆయుధపూజకి కంప్యూటరుకి బొట్టు పెట్టావని బావ చెప్పాడు. స్క్రీన్ మీద కాకుండా పక్కన పెట్టి ఉంటావనుకుంటాను.

బిందు

*

సాలూరు,
21 జనవరి 2018

చిరంజీవి బిందుకి,

ఈసారి బేరమేమీ లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

సంక్రాంతికి వారం ముందు నౌపడలో ఉమాపతి గారి లారీకి ఉప్పు ఎక్కిస్తుంటే అడుగున ఒక పలక కిందికి దిగిపోయింది. దేముడమ్మ అనే ఆవిడ తట్ట నెత్తిన పెట్టుకుని దాని మీద ఉంది. కాలు పలకల మధ్య దిగి చీలమండ ఎముక విరిగింది. టెక్కలి తీసుకెళ్లి కట్టు కట్టించారట. మూడు నెలలు కాలు కింద పెట్టకూడదు.

ఉమాపతి గారు లారీ కింద ఫోటోలు తీసుకుని వచ్చారు. పలకల్ని పట్టి ఉంచే ఇనప పట్టీలు, బోల్టులు తుప్పు తినేశాయి. ఉప్పు లారీకి అడుగున రెండు పూతలు వేయాలని నీకు తెలియదు, చెబుతాను. మొదటిది ఎర్ర ప్రైమరు. అది ఆరాక నల్లటి తారురంగు. ఈ రెండోది లేకపోతే పలకల సందుల్లోంచి కారే ఉప్పునీరు ఆరు నెలల్లో ఇనుముని నమిలేస్తుంది. ఫోటోల్లో ఎర్ర ప్రైమరే ఉంది. నల్లపూత లేదు.

రమేష్ కంప్యూటరు తీశాడు. ఉమాపతి గారికి కూడా చూపించాడు. "అడుగు రెండో పూత: పూర్తయింది. 21 జూలై, సాయంత్రం 6.50. చినబాబు" అని ఉంది.

చినబాబుని పిలిచి అడిగాడు. ఇద్దరూ నా పక్కనే నిలబడి అరిచారు కాబట్టి నాకు కూడా వినబడింది. వాడు, "నానెయ్యలేదు. తారురంగు రాలేదు, రేపేత్తానని తలుపు మీద రాసినాను. నొక్కలేదు కూడా" అన్నాడు. రమేష్ అన్నాడు కదా, "అప్పుడు అందరం ఒకే పేరుతో నొక్కినా కంపెనీవాళ్లు ఎవుడిదాన్ని ఆడికి సర్దీసినారు. కంప్యూటరు అబద్ధమాడతాదేటి?" చినబాబు బ్రష్షులు కిరసనాయిల్లో కడిగి, ఆరబెట్టి, తుడిచి పెట్టి వెళ్లిపోయాడు. రేపటి నుంచి రావద్దని రమేష్ అన్న మాట నాకు వినబడలేదు గాని వాడి మొహం చూస్తే తెలిసింది.

ఊళ్లో ఏ షెడ్డువాళ్లూ వాడికి పని ఇవ్వడం లేదు. పూత వేయకుండా వేశానన్నవాడన్న పేరు పడింది. పెయింటరుకి అంతకన్నా పెద్ద మచ్చ లేదు.

నాకు ఒక సందేహం. పేరు మారిస్తే పాత రాతలు కూడా మారిపోతాయా? వీలైనంత త్వరగా రాయి.

జగన్నాధం

*

విజయనగరం,
25 జనవరి 2018

మావయ్యా,

మారిపోతాయి.

ఇంకో మాట రాయకుండా ఇక్కడే ఆపేద్దామనిపించింది, కాని ఆపితే లాభం లేదు. ఆ సీటు పేరు సూరయ్య నుంచి చినబాబుకి మార్చింది నేను. మార్చిన క్షణం నుంచి సూరయ్య పేరు మీద ఎవరెవరు పెట్టిన టిక్‌లైనా అన్నీ చినబాబు పెట్టినట్టే కనబడతాయి. కంపెనీవాళ్లు ఎవరివి వాళ్లకి సర్దడమంటూ ఏమీ లేదు. అలా మారుతుందని నాకు ముందే తెలుసు. పాతదాన్ని మూసేసి కొత్తది కొనమని చెప్పాల్సింది. పదిహేను రోజులు మిమ్మల్ని తిప్పలు పెట్టాను, కనీసం ఒక సీటు డబ్బయినా మిగల్చాలనుకున్నాను. పాత పనుల్ని వెనక్కి తిరిగి ఎవరు చూస్తారులే అనుకున్నాను.

ఒక మనిషి ఉద్యోగం పోయింది మావయ్యా, నా వల్ల. ఆయన నన్ను చిన్నప్పుడు రంగు డబ్బాల మూతలిచ్చి ఆడించేవాడు.

బావకి చూపించడానికి సులువైన రుజువు చెబుతాను. జూలై నెలలో ఇంకే పని అయినా తెరిచి చూడమను. వైరింగు, వెల్డింగు, డోర్లు. అన్నిటి పక్కనా చినబాబు అనే ఉంటుంది. పెయింటరు వైరింగు చేస్తాడా అని అడుగు. ఆ ఒక్క వరస చూసి బావ మిగతావి చూడలేదు. ఈ మొదటి కాగితం ఆయన చేతికే ఇవ్వు. నేను ఫోన్ కూడా చేస్తాను.

మా సార్‌కి కూడా అంతా చెప్పేశాను. రెండు రోజులుగా ఆయన నాతో మాట్లాడటం లేదు.

ఈ రెండో కాగితం నీకు మాత్రమే. ఇంకొకటి రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఎవరు నొక్కారో తెలియదు గాని ఎక్కడి నుంచి నొక్కారో తెలుస్తుంది. 21 జూలై 6.50కి ఆ టిక్ ఏ ఫోన్ నుంచీ రాలేదు. ఆఫీసు కంప్యూటరు నుంచి వచ్చింది. జూలై, ఆగస్టు, సెప్టెంబరు మూడు నెలలూ రోజూ సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్య అదే కంప్యూటరు నుంచి మూడు నాలుగు టిక్‌లు వరసగా ఉన్నాయి. ఆ వేళకి బావ ఇంటికి వెళ్లిపోతాడు కదా.

బావకి ఇది చెప్పలేదు. నిన్ను అడగడమూ లేదు.

బిందు

*

సాలూరు,
4 ఫిబ్రవరి 2018

అమ్మా బిందూ,

అడగనందుకు నీకు దణ్ణం. అడిగి ఉంటే అబద్ధం చెప్పేవాడినేమో.

నొక్కింది నేనే.

దొంగపని అనుకుని చేయలేదు. సాయంత్రం దీపం పెడతానా, అన్నయ్య ఫోటోకి దండం పెట్టి ఇటు తిరిగితే స్క్రీన్ మీద ఎర్రటి అక్షరాలతో అదే పేరు. సూరయ్య: ఆలస్యం. ఫోటోలో నవ్వుతున్న మనిషిని పట్టుకుని ఎవరో తిడుతున్నట్టుండేది. పొద్దున్న ఎలాగూ అయిపోయే పనులే కదా అని ఒకటి నొక్కాను. ఎరుపు పోయింది. మర్నాడు మళ్లీ నొక్కాను. తరువాత అది కూడా దీపంలాగే రోజూ చేసే పనైపోయింది. పొద్దున్నే వచ్చి నొక్కిన పనులన్నీ దగ్గరుండి చేయించేవాణ్ణి. ఒక్కటి కూడా వదల్లేదు, ఆ ఒక్కటి తప్ప.

ఆ రోజు చినబాబు తలుపు మీద రాసింది నేను చదివాను. చదివే నొక్కాను. రేపు పొద్దున్నే వేయిద్దామనుకున్నాను. రమేష్ ఇంట్లో ఫోన్ చూసుకుని అంతా పచ్చగా ఉందని ఉమాపతి గారికి కబురు పెట్టాడు. తెల్లారేసరికి డ్రైవరు లారీ తీసుకుపోయాడు. నేను ఎనిమిదింటికి తారురంగు డబ్బా పట్టించుకుని వచ్చేసరికి షెడ్డు ఖాళీగా ఉంది. అప్పుడే వెనక్కి పిలిపించాల్సింది. పిలిపిస్తే ఎందుకని అడుగుతారు. ఒక పూతే కదా అనుకుని నోరు మూసుకున్నాను. రమేష్ చినబాబుని నిలబెట్టి అడుగుతుంటే కూడా నోరు మూసుకునే ఉన్నాను. చెవిటివాణ్ణి కదా, వినబడలేదనుకుంటారు. ఇంత సిగ్గుమాలిన పని నా జన్మలో ఇంకొకటి చేయలేదు.

అడుసు తొక్కనేల కాలు కడగనేల అని నేను ఎంతమందికి చెప్పానో. ఇప్పుడు కడుక్కోవడం నా వంతయింది.

నీ ఉత్తరం వచ్చిన సాయంత్రం పనులు ఆపించి అందర్నీ నిలబెట్టి చెప్పాను. రమేష్ కాగితం తీసుకుని, "బాబాయ్, ఒక్క మాట నాకు సెప్పుంటే?" అని రాశాడు. అరవలేదు, రాసి చూపించాడు. అరిచినా బాగుండేది.

చినబాబు ఇంటికి నేనొక్కణ్ణే వెళ్లాను. వాళ్లావిడ అసిరమ్మ కుర్చీ వేసింది గాని మంచినీళ్లు ఇవ్వలేదు. అంతా చెప్పాను. చినబాబు మట్టినేల మీద బొగ్గుముక్కతో ఏదో గీస్తూ విని, నా చెవి దగ్గరికి వచ్చి గట్టిగా అన్నాడు. "పనికి వస్తాను మావా. నా కోసం కాదు, ఆ లారీ అడుగు నానే ఎయ్యాల. గాని ఒకటి సెప్తన్నాను. నువ్వు నొక్కినందుకు నాకు కోపం లేదు. ఆ రోజు నువ్వక్కడే కూకోనున్నావు. సూసినావు. ఊరుకున్నావు. అదీ." నేను ఏడ్చాను. ఏడవలేదని రాసుకోవచ్చు గాని ఏడ్చాను.

మర్నాడు ఇద్దరం నౌపడ వెళ్లాం. దేముడమ్మ గడప మీద కాలు చాపుకుని కూర్చుని ఉంది. కాలు బాగయ్యేదాకా కూలీ మేమే ఇస్తామని ఉమాపతి గారి ముందే ఒప్పుకున్నాం. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి గట్టిగా, "డబ్బులు సరే. ఆ లారీ ఇంకోపాలి ఎక్కాల్సింది నానే గదా. ఈసారైనా ఎవుడేసినాడో ఆడి పేరు సెప్పండి నాకు" అంది. చినబాబు తన పేరు చెప్పాడు.

బస్సులో తిరిగి వస్తుంటే తట్టింది బిందూ. ఎవరు చేసిన పని వాళ్లే తుడవాలని అన్నయ్య పైసా తీసుకోకుండా ఊరికే చెప్పాడు. మీ కంపెనీవాడు అదే మాటని మనిషికి నెలకి ఆరువందల యాభై చొప్పున అమ్ముతున్నాడు. ఊరికే ఇచ్చినప్పుడు నేను నిలబెట్టుకోలేదు. అదీ అన్నయ్య పేరు మీదే తప్పాను.

ఇప్పుడేం చేయాలో నువ్వు చెప్పు.

జగన్నాధం

*

విజయనగరం,
9 ఫిబ్రవరి 2018

మావయ్యా,

సార్ మాట్లాడారు. ఉద్యోగం ఉంది. ఇక నుంచి నేను పేరు మార్చే ప్రతి సీటుకీ ఆయన సంతకం కావాలట, అది న్యాయమే.

మీ సంగతి. చినబాబు మావకి కొత్త సీటు ఒకటి ఇద్దాం. అందులో వెనకటి రాత ఏదీ ఉండదు, ఖాళీగా మొదలవుతుంది. దాని డబ్బు నా జీతంలోంచి కడతాను, వద్దనకు. పాత సీటుకి తిరిగి పెద్దమావయ్య పేరు పెట్టేస్తే పాత రాతలన్నీ సూరయ్య పేరు మీదికి వెళ్లిపోతాయి, చినబాబు మీద మచ్చ పోతుంది. దాన్ని మూసి, చూడటానికి మాత్రం ఉంచుతాను. పెద్దమావయ్య పేరు బోర్డు మీద మళ్లీ ఉంటుంది కాబట్టి నీకూ బాగుంటుంది.

సరేనంటే ఒక ముక్క రాయి. ఆ రోజే మారుస్తాను.

బిందు

*

సాలూరు,
18 ఫిబ్రవరి 2018

అమ్మా బిందూ,

సరే అనను.

చినబాబుకి కొత్త సీటు ఇవ్వు. దాని డబ్బు నేను కడతాను, నువ్వు కాదు. మేనకోడలి జీతం తిన్నానని మీ అమ్మకి తెలిస్తే నన్ను గుమ్మంలోకి రానివ్వదు. పాతదానికి అన్నయ్య పేరు వద్దు. ఆ టిక్‌లు అన్నయ్య పెట్టలేదు. జగన్నాధం అని పెట్టమని బుధవారం రమేష్ చేత నీకు ఫోన్ చేయించాను, నువ్వు ఎంతసేపు వద్దన్నావో రమేష్ చేతులు తిప్పడం చూస్తే తెలిసింది. చివరికి మార్చావు. మంచిదానివి.

నువ్వు చెప్పినట్టే వైరింగు కూడా నేనే చేసినట్టు కనబడుతోంది. వైరింగు నారాయణ వచ్చి చూసి పడీపడీ నవ్వాడు. నవ్వనీ. అడిగినవాళ్లకి ఏది నాదో ఏది కాదో చెప్పుకుంటాను. జూలై ఇరవై ఒకటి, సాయంత్రం 6.50 దగ్గర మాత్రం చెప్పుకోవాల్సింది ఏమీ లేదు. పేరు సరిగ్గానే ఉంది.

ఉమాపతి గారి లారీ మొన్న షెడ్డుకి వచ్చింది. పట్టీలు, బోల్టులు అన్నీ కొత్తవి వేశారు. ప్రైమరు అయింది, ఆరుతోంది. చినబాబు తలుపు మీద సుద్దతో రాశాడు, ఫోన్ ఇంకా ముట్టడం లేదు. నాతో మాట్లాడుతున్నాడు గాని మునుపటంత కాదు. ఎన్నాళ్లు పడుతుందో తెలియదు, తొందరపెట్టను.

రమేష్ చేత ఆ పాత టిక్ తీయించాను. తీయగానే బోర్డు మీద ఎర్రగా పడింది. జగన్నాధం: ఆలస్యం, 212 రోజులు. రాయపూర్ వాళ్లకి పంపే ఫోటోలో ఇది బాగోదు బాబాయ్ అని రమేష్ రాసి చూపించాడు. అలాగే పంపమన్నాను.

ఇది రాస్తున్నప్పుడు ఆరున్నర దాటింది. దీపం పెట్టేశాను. రేపు మధ్యాహ్నానికి చినబాబు నల్లపూత వేస్తాడు, వేశాక తలుపు మీద రాత వాడే తుడుస్తాడు, అది చూశాక నేను నొక్కుతాను, తరువాత నువ్వు ఆ సీటు మూసెయ్యొచ్చు. అందాకా ఆ ఎరుపు నా పేరు పక్కన ఉంటుంది. దానికేసి చూస్తూనే ఉత్తరం ముగిస్తున్నాను.

జగన్నాధం